మాటు విల్లు: దూరాస్త్రాలకు రియాక్షన్ నిబంధన తయారీ డైరీ

మేం ఆడేది 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆట. శత్రువు తన టర్న్‌లో (వంతులో) కదులుతుంటే విల్లు పట్టినవాడు బాణం వేయగలిగేలా మేం సొంతంగా రాసుకున్న ఇంటి నిబంధన కథ ఇది. ఆడే చోటు పద్మారావు నగర్‌లో మా అపార్టుమెంటు డాబా మీది గది. ఈ ఆట మూల నిబంధనల 5.1 సంచికను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అందువల్ల కింద వాడిన బందిపోటు అంకెలు, విల్లు అంకెలు ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కథ నడిపి, శత్రువులను ఆడించే గేమ్ మాస్టర్‌ని నేను. చెల్లెలిది లాంగ్‌బో (పొడవు విల్లు) పట్టిన రేంజర్ (అడవి వేటగాడు). మేనల్లుడిది షార్ట్‌బో (పొట్టి విల్లు) వాడే రోగ్ (దొంగచాటుగా కొట్టేవాడు). పక్క ఫ్లాటులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారిది కత్తి, డాలు ఉన్న ఫైటర్. అందరూ మూడో లెవెల్‌లో ఉన్నారు.

దశ 0: మూల నిబంధన ఎక్కడ ఆగిపోతుంది

కత్తి పట్టినవాడి అందుబాటులోంచి శత్రువు దాటిపోతే కత్తివాడికి తన టర్న్ కాకపోయినా ఒక దెబ్బ వేసే హక్కు ఉంది. దాన్నే ఆపర్చునిటీ అటాక్ అంటారు. రౌండుకు (అందరి టర్న్‌లూ ఒకసారి పూర్తయ్యే చుట్టుకు) ఒక్క రియాక్షన్, అంటే ఇతరుల టర్న్‌లో చేసే ప్రతిచర్య; ఈ దెబ్బ కూడా చేతి ఆయుధంతోనే. విల్లు పట్టినవాళ్ల ముందు నుంచి ఆరుగురు బందిపోట్లు పరుగెత్తినా వాళ్లు తమ టర్న్ వచ్చేదాకా చూస్తూ ఉండాల్సిందే.

రెడీ యాక్షన్ (యాక్షన్ అంటే టర్న్‌లో చేసే ప్రధాన పని) ఉంది కదా అనేవారికి జవాబు: ఉంది, కానీ అది లాభసాటి బేరం కాదు. మన టర్న్‌లో కొట్టాల్సిన బాణాన్ని దాచుకుని శత్రువు టర్న్‌లో కొడతాం. అనుకున్న సందర్భం రాకపోతే ఆ బాణమూ పోతుంది. ఐదో లెవెల్ చేరాక వచ్చే ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే యాక్షన్‌లో రెండో దెబ్బ) కూడా రెడీ చేసిన దెబ్బకు వర్తించదు, అది సొంత టర్న్‌కే పరిమితం. అంటే లెవెల్ పెరిగేకొద్దీ రెడీ యాక్షన్ ఇంకా నష్టం.

పాత ఆటల్లో దీనికి రెండు రకాల జవాబులు దొరికాయి. 2011లో పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఆట మొదటి ఎడిషన్‌కు స్నాప్ షాట్ అనే ఫీట్ (పాత్ర కోసం ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) వచ్చింది. విల్లు పట్టినవాడు తన చుట్టూ 5 అడుగుల దాకా బెదిరించగలడు (ఆపర్చునిటీ అటాక్ వేయగలడు), దాని మెరుగైన రూపం తీసుకుంటే 15 అడుగుల దాకా. 1994 నాటి ఎక్స్‌కామ్ కంప్యూటర్ ఆటలో సైనికుడు తన టర్న్‌లో కాలం మిగుల్చుకుంటేనే శత్రువు టర్న్‌లో కాల్పులు దక్కుతాయి. ఒకరు దూరాన్ని కుదించారు, ఇంకొకరు ముందే వెల కట్టించుకున్నారు. నేను ఈ రెండింటినీ పక్కన పెట్టి మొదలుపెట్టాను. ఫలితం దశ 1లో ఉంది.

పోల్చడానికి ఆధార లెక్క (మాస్టారు వేసినది, నేను సరిచూసినది):

1. బందిపోటు: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే పాచిక అందుకోవాల్సిన అంకె) 12, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 11, వేగం 30 అడుగులు.
2. చెల్లెలి రేంజర్: దెబ్బకు 20 ముఖాల పాచికపై +5, లాంగ్‌బో నష్టం డీ8+3 (8 ముఖాల పాచిక, దానికి 3). పాచికపై 7 లేదా అంతకన్నా ఎక్కువ పడితే తగులుతుంది, అంటే 70 శాతం.
3. ఒక బాణానికి సగటు నష్టం, క్రిటికల్ (20 పడితే నష్టం పాచికలు రెట్టింపు) కలిపి: 5.48.
4. డిస్‌అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) ఉంటే 49 శాతం, సగటు 3.69.

ఇక్కణ్ణుంచి ప్రతి వెర్షన్‌నూ ఈ 5.48తో పోల్చాను.

దశ 1: పెద్ద వలయం (పనికిరాలేదు)

వెర్షన్ 1 ఒక్క వాక్యం: 30 అడుగుల లోపల శత్రువు కదిలితే రియాక్షన్‌తో ఒక బాణం వేయవచ్చు.

దీన్ని కాపీ చేయాలనుకునేవారు ముందు గళ్లు లెక్కపెట్టుకోండి. గడికి 5 అడుగులు, మూలగా వెళ్లినా 5 అడుగులే అన్న లెక్కలో కత్తివాడి చుట్టూ ఉన్న గళ్లు 8. ముప్పై అడుగులైతే 168. లాంగ్‌బో మామూలు దూరం 150 అడుగులు, ఆ దూరమంతా ఇస్తే 3,720. ఎనిమిది గళ్ల కోసం రాసిన నియమాన్ని 168 గళ్లకు సాగదీస్తే అది ఇంకో నియమం అయిపోతుంది.

గళ్ల సంఖ్య ఒక్కటే కాదు. కత్తి నియమం అందుబాటు దాటి వెళ్లేవాడిపై పనిచేస్తుంది. విల్లుకు అదే మాట రాస్తే 150 అడుగులు దాటి పారిపోయేవాడిపైనే బాణం పడుతుంది. అంటే ఎప్పుడూ పడదు. లోపల కదిలితే అని మారిస్తే ఎప్పుడూ పడుతుంది. నడిమధ్య ఏమీ లేదు.

బల్ల దగ్గర జరిగింది ఇది. రౌండుకు చెల్లెలి సగటు 5.48 నుంచి 10.95కి పోయింది. నష్టం రెట్టింపు కావడం నన్ను పెద్దగా కంగారు పెట్టలేదు, శత్రువుల హిట్ పాయింట్లు పెంచితే సరిపోతుంది. కంగారు పెట్టింది బందిపోట్లు స్తంభాల వెనకనుంచి బయటికి రాకపోవడం. వాళ్లు రాకపోతే మాస్టారి ఫైటర్‌కు కొట్టడానికి ఎవరూ లేరు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. రియాక్షన్ రౌండుకు ఒకటే కాబట్టి నేను ప్రతిసారీ అప్పటికే గాయపడినవాణ్ణి ముందు పంపి బాణం ఖర్చు చేయించి, మిగతావాళ్లను తర్వాత కదిపాను. మేనల్లుడు వెంటనే పట్టేశాడు. "మామయ్యా, చచ్చేవాణ్ణే ముందు పంపుతున్నారేం? వీళ్ల నాయకుడికి జాలి లేదా?" నాయకుడికి జాలి లేకపోవడం కథలో బాగానే ఉంటుంది, కానీ ప్రతి రౌండూ అదే ఎత్తు అంటే అది కథ కాదు, నిబంధనలోని చిల్లు.

ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే మామూలుగా ఆరు నిమిషాల్లో ముగిసే రౌండు పది దాటింది. ప్రతి కదలికకూ "ఇప్పుడు వేయనా, ఆగనా" అనే చర్చ.

ఇక్కడిదాకా: నిబంధన 1 వాక్యం, అదనపు నష్టం 5.48, ఖర్చు 0 రూపాయలు.

దశ 2: వెల కట్టించడం (సగం పనికివచ్చింది)

ఎక్స్‌కామ్ పాఠం తీసుకున్నాను. వెర్షన్ 2: సొంత టర్న్‌లో బోనస్ యాక్షన్ (యాక్షన్‌కు తోడు చేసే చిన్న పని) ఖర్చు చేసి మాటు వేయాలి. రియాక్షన్ బాణం డిస్‌అడ్వాంటేజ్‌తో పడుతుంది.

డిస్‌అడ్వాంటేజ్ ఎంచుకోవడానికి కారణం మేనల్లుడి రోగ్. స్నీక్ అటాక్ (రోగ్ దొంగదెబ్బకు కలిసే అదనపు నష్టం) టర్న్‌కు ఒకసారి అని రాసి ఉంది, రౌండుకు ఒకసారి అని కాదు. కాబట్టి శత్రువు టర్న్‌లో పడే బాణానికి రెండో స్నీక్ అటాక్ దక్కుతుంది. మూడో లెవెల్‌లో అది 2డీ6. షార్ట్‌బో రియాక్షన్ సగటు 4.73 ఉండాల్సింది 9.98 అవుతుంది. డిస్‌అడ్వాంటేజ్ ఉన్న దెబ్బకు స్నీక్ అటాక్ రాదు కాబట్టి ఒక్క మాటతో ఆ దారి మూసుకుపోతుందనుకున్నాను.

మూసుకోలేదు. రెండు చోట్ల తెరుచుకుంది.

మొదటిది, దాక్కుని కొట్టేవాడికి అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం) ఉంటుంది. అడ్వాంటేజ్, డిస్‌అడ్వాంటేజ్ కలిస్తే రెండూ రద్దవుతాయి. శత్రువు పక్కన మాస్టారి ఫైటర్ నిలబడి ఉంటే స్నీక్ అటాక్ మళ్లీ వచ్చేస్తుంది. మేనల్లుడు దీన్ని కనిపెట్టడానికి ఒక సమోసా తినేంత సమయం పట్టింది.

రెండోది నాకు ఎక్కువ ఇబ్బందిగా తోచింది. డిస్‌అడ్వాంటేజ్‌లు ఒకదానిపై ఒకటి పేరుకోవు. బందిపోటు తన యాక్షన్ మొత్తం ఖర్చు చేసి డాడ్జ్ (తనపై పడే దెబ్బలకు డిస్‌అడ్వాంటేజ్ తెచ్చే జాగ్రత్త) తీసుకుని వచ్చినా బాణం పడే అవకాశం అదే 49 శాతం. జాగ్రత్తగా వచ్చేవాడికీ గుడ్డిగా పరుగెత్తేవాడికీ తేడా లేకపోతే శత్రువు ఎలా రావాలో ఆలోచించాల్సిన పనే ఉండదు. డిస్‌అడ్వాంటేజ్‌ను శిక్షగా వాడే ప్రతి ఇంటి నిబంధనలోనూ ఈ లోపం ఉంటుంది, వెతికి చూడండి.

బోనస్ యాక్షన్ వెల కూడా అందరికీ సమానంగా పడలేదు. రోగ్‌కు కన్నింగ్ యాక్షన్ (దాక్కోవడం, పరుగు, తప్పుకోవడం) కోసం అది ప్రాణం. రేంజర్‌కు హంటర్స్ మార్క్ (గురిపెట్టినవాడిపై అదనపు నష్టం కలిపే మంత్రం) వేయడానికి, ఒకరి నుంచి ఇంకొకరి మీదికి మార్చడానికి అదే కావాలి. విల్లు పట్టిన మామూలు ఫైటర్‌కు మాత్రం చాలా రౌండ్లలో బోనస్ యాక్షన్ ఖాళీగా ఉంటుంది, అతనికి ఇది ఉచితం. అందరి దగ్గరా సమానంగా ఉండే సొమ్ము నడక ఒక్కటే. దాన్నే వసూలు చేయాలని తేల్చాం.

ఇక్కడిదాకా: నిబంధన 3 వాక్యాలు, అదనపు నష్టం 3.69, ఖర్చు 0.

దశ 3: మనిషిని కాదు, చోటును కాయడం

దారి దొరికింది గోల్కొండ పటం గీస్తున్నప్పుడు. మా కథలో కోట ఊహాజనితమే కానీ దర్వాజా మాత్రం గోల్కొండది. బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక తెర గోడ ఉంటుంది. ఏనుగులు తలుపు మీదికి నేరుగా పరుగెత్తి రాకుండా కట్టినది. దాన్ని చుట్టి వచ్చేవాడు తిరిగే మలుపు ఇరుకు. గోడ మీద కాపలా ఉన్నవాడు ఆ మలుపునే చూస్తూ కూర్చుంటాడు, వచ్చేది ఎవరన్నది అతనికి ముఖ్యం కాదు.

వెర్షన్ 3:

1. నీ టర్న్‌లో అసలు నడవకుండా ఉంటే మాటు వేయవచ్చు. నీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా నీ వేగం సున్నా.
2. నీకు కనిపిస్తున్న, ఆయుధం మామూలు దూరంలో ఉన్న, ఒకదానికొకటి ఆనుకున్న మూడు గళ్లు ఎంచుకో. బల్ల మీద గుర్తు పెట్టు.
3. ఆ గళ్లలో అడుగుపెట్టిన శత్రువు మీద రియాక్షన్‌తో ఒక బాణం. బాణం పడ్డాకే అతని మిగతా నడక.

168 గళ్లు మూడయ్యాయి. అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే, మిగతాదంతా చిల్లర సర్దుబాటు. ప్రతి కదలికకూ చర్చ ఆగిపోయింది, ఎందుకంటే చర్చించాల్సింది మూడు గళ్ల గురించే. రౌండు ఏడు నిమిషాల చుట్టూ స్థిరపడింది. బందిపోట్లు మళ్లీ కదలడం మొదలుపెట్టారు: కొందరు మలుపు వదిలి గోడ ఎక్కారు, ఒకడు బల్లను డాలుగా అడ్డం పెట్టుకుని వచ్చాడు. గోడ ఎక్కినవాళ్లకు మాస్టారు ఎదురయ్యారు. ఆయన కళ్లజోడు తుడవడం మానేశారు.

గుర్తు శత్రువులకు కనిపించాలా అని వాదన వచ్చింది. కనిపించాలి. విల్లు ఎక్కుపెట్టి ఒక తలుపు వైపే చూస్తున్నవాణ్ణి చూసి ఎవరికైనా అర్థమవుతుంది. దాచిపెడితే గేమ్ మాస్టర్ తెలిసి కూడా తెలియనట్టు నటించాలి. నాకు ఆ నటన రాదు.

మేనల్లుడు ఇంకో పేచీ పెట్టాడు. గోల్కొండ ప్రవేశంలోని గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది కదా, చప్పుడు విని బాణం వేయనివ్వండి అని. కుదరదు. చప్పట్లు ఎవరో వచ్చారని చెబుతాయి, ఏ గడిలో ఉన్నారో చెప్పవు. మూల నిబంధనలో కత్తివాడికి కూడా శత్రువు కనిపించి తీరాలి. చప్పుడు విన్నవాడు తన టర్న్‌లో మాటు ఎక్కడ వేయాలో ఎంచుకోవచ్చు, అంతవరకే.

దశ 4: మ్యాట్, పట్టీలు, గాజులు

గుర్తులు చేతితో తడుముకునేలా లేకపోతే నియమం మరిచిపోతారు. కాబట్టి సామాను.

మ్యాట్: 24 అంగుళాలు బై 36 అంగుళాలు, అంగుళం గళ్లు. చిక్కడపల్లిలో ఒక షాపులో ఫ్లెక్సు మీద వేయించాను, 120 రూపాయలు. వాళ్లు ఫైలును పేజీకి సరిపోయేలా కుదించి ప్రింటు చేశారు. గడి 25.4 మిల్లీమీటర్లు రావాల్సింది 24 వచ్చింది. ఒక గడిలో తెలియదు, 36 గళ్ల పొడవులో 50 మిల్లీమీటర్లు తగ్గింది. 25 మిల్లీమీటర్ల పీట ఉన్న పాత్రల బొమ్మలు పక్కపక్కన నిలబడితే ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఫ్లెక్సు మెరుపు వల్ల ట్యూబ్‌లైటు కింద సగం గీతలు కనిపించలేదు కూడా.

రెండోసారి చేసిన పద్ధతి, ఇది కాపీ చేయండి:

1. ఫైలు అంచున సరిగ్గా 10 అంగుళాల గీత ఒకటి పెట్టాలి.
2. వంద శాతం సైజులో వేయమని కాగితం మీద రాసి ఇవ్వాలి, నోటితో చెబితే సరిపోదు.
3. ముందు ఆ గీత ఉన్న ముక్క మాత్రమే ప్రింటు తీయించి స్కేలుతో కొలవాలి.
4. మెరుపు లేని వినైల్ అడగాలి. 150 రూపాయలైంది.

మాటు పట్టీలు: జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగుకు పైన వేసే పారదర్శక షీటు, ఎ4, పది రూపాయలు. మూడు గళ్లకు 25 బై 75 మిల్లీమీటర్ల పట్టీ కావాలి. అలా కోస్తే షీటుకు 24 వస్తాయి, చివర 72 మిల్లీమీటర్ల ముక్క వృథా. పొడవు 74కి తగ్గిస్తే 32 వస్తాయి. ఒక మిల్లీమీటరు తేడా బల్ల మీద ఎవరికీ తెలియదు. మలుపుల కోసం కొన్నిటిని ఎల్ ఆకారంలో కోశాను. అంచుకు పర్మనెంట్ మార్కర్‌తో ఆటగాడి రంగు.

మాటులో ఉన్నవాడి గుర్తు: లాడ్ బజార్ గాజులు. ముందు 1.8 సైజు తెచ్చాను. ఆ సైజు అంటే ఒక అంగుళం, ఎనిమిది పదహారో వంతులు, అంటే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు. బొమ్మ చుట్టూ వదులుగా పడి నాలుగు వైపులా పక్క గళ్లలోకి పోయింది. పసిపిల్లల 1.2 సైజు లోపలి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, అది సరిపోయింది. దుకాణదారు పాప ఎన్ని నెలలది అని అడిగాడు. మూడో లెవెల్ రేంజర్ అని చెప్పే ధైర్యం లేకపోయింది.

చూపు రేఖ కొలవడానికి ఊలు దారం. విలుకాడి గడి మూల నుంచి లాగి గోడ తగలకపోతే కనిపిస్తున్నట్టు లెక్క.

ఇక్కడిదాకా ఖర్చు: మ్యాట్లు రెండూ 270, షీటు 10, గాజులు రెండు సైజులూ 80, దారం 10. మొత్తం 370. మొదటి ఫ్లెక్సు, పెద్ద గాజులు లేకపోతే 210లో అయ్యేది.

దశ 5: బాణం ఏం చేయాలి

వెర్షన్ 3లో బాణం పూర్తి బలంతో పడుతోంది, స్నీక్ అటాక్ దారి ఇంకా తెరిచే ఉంది. డిస్‌అడ్వాంటేజ్ వద్దనుకున్నాం కాబట్టి వేరే తగ్గింపు కావాలి.

మాస్టారు చెప్పింది బాగుంది. "కొత్త శిక్ష ఎందుకు కనిపెడతారు? రెండు కత్తులవాడి రెండో దెబ్బకు ఏం చేస్తున్నారో అదే చేయండి." రెండో చేతి దెబ్బకు నష్టంలో సామర్థ్యపు బోనస్ (మా లెక్కలో ఆ +3) కలపరు. బల్ల దగ్గర అందరికీ తెలిసిన లెక్క. దానికి తోడు, రియాక్షన్ బాణానికి ఆయుధం పాచిక తప్ప వేరే ఏ పాచికా కలవదని రాశాను. ఆ ఒక్క వాక్యంతో స్నీక్ అటాక్, హంటర్స్ మార్క్ రెండూ బయటికి వెళ్లాయి.

లాంగ్‌బో రియాక్షన్ సగటు ఇప్పుడు 3.38. డాడ్జ్ తీసుకుని వచ్చేవాడిపై 2.22. జాగ్రత్తకు విలువ వచ్చింది.

3.38 కోసం 30 అడుగుల నడక వదులుకోవడం చెల్లెలికి నచ్చలేదు. "అన్నయ్యా, దీనికన్నా పరుగెత్తి స్తంభం వెనక దాక్కోవడం నయం" అంది. నిజమే. అందుకే తగిలితే శత్రువు ఆ టర్న్‌లో మిగిలిన నడకలో 10 అడుగులు పోగొట్టుకుంటాడని చేర్చాం. అసలు వేగాన్ని సున్నా చేద్దామని మేనల్లుడు అన్నాడు. అది సెంటినెల్ ఫీట్ చేసే పని, ఫీట్ ధర పెట్టి కొనుక్కున్నవాడికి అన్యాయం.

కొలిచి చూశాం. మా పటంలో తెర గోడ చివర నుంచి లోపలి మెట్ల దాకా 12 గళ్లు, 60 అడుగులు. డాష్‌తో (యాక్షన్ ఖర్చు చేసి రెట్టింపు నడకతో) వచ్చే బందిపోటు ఒక్క టర్న్‌లో మెట్లు చేరతాడు. మలుపులో బాణం తగిలితే 50 అడుగులకే ఆగి, మెట్లకు రెండు గళ్ల ఇవతల బయలులో నిలబడతాడు. తర్వాతి టర్న్ చెల్లెలిదైతే అతని పని అయిపోయినట్టే. ఈ రెండు గళ్ల కోసమే ఆమె మాటు వేయడం మొదలుపెట్టింది, 3.38 కోసం కాదు.

క్రాస్‌బోవాళ్లకు ఒక మాట. లోడింగ్ (ప్రతి బాణానికీ మళ్లీ ఎక్కించాల్సిన) లక్షణం ఉన్న ఆయుధంతో ఒక యాక్షన్‌కు, ఒక బోనస్ యాక్షన్‌కు, ఒక రియాక్షన్‌కు ఒక్కో బాణం వేయవచ్చు. కాబట్టి మాటు దానికీ పనిచేస్తుంది, కొత్తగా ఏమీ రాయక్కర్లేదు.

దశ 6: నలుగురు విలుకాళ్లు, ఒకే తలుపు

ఒకే బందిపోటు దళానికి నేనే నలుగురు లాంగ్‌బో విలుకాళ్లను ఇచ్చి, ఆటగాళ్లను లోపలికి రమ్మన్నాను. నిబంధన మనకు అనుకూలంగా ఉన్నప్పుడు లోపాలు కనిపించవు, ఎదురు తిప్పితే కనిపిస్తాయి.

నలుగురూ ఒకే మూడు గళ్లపై మాటు వేశారు. బందిపోటు ఆర్మర్ క్లాస్ ఉన్నవాడిపై ఇదే లెక్క వేస్తే నాలుగు బాణాల సగటు 13.5, అంటే 11 హిట్ పాయింట్లున్నవాడు గడప దాటకుండానే పోతాడు. నడక 40 అడుగుల దాకా తగ్గవచ్చు, అంటే 30 అడుగుల వేగమున్నవాడు అక్కడే బిగుసుకుపోతాడు. దశ 1 మళ్లీ వచ్చింది, ఈసారి మూడు గళ్లలో.

రెండు కట్టుబాట్లు చేర్చాం. ఒక గడిపై ఒక పక్షం నుంచి ఒకరే మాటు వేయగలరు. నడక తగ్గింపు ఒక టర్న్‌లో ఒకసారే. నలుగురు విలుకాళ్లు ఇప్పుడు నాలుగు వేర్వేరు చోట్లను కాయాలి, పటంలో ఎక్కువ భాగం ముఖ్యమవుతుంది. మాస్టారి ఫైటర్ డాడ్జ్‌తో మలుపులోకి అడుగుపెట్టి బాణాన్ని తన మీదికి తీసుకున్నాక, రియాక్షన్ అయిపోయిన ఆ దారిన మిగతావాళ్లు దూరారు. దశ 1లో నేను గాయపడినవాణ్ణి ముందుకు తోసిన ఎత్తే ఇది, కానీ ఇక్కడ దానికి ఒక యాక్షన్ ఖర్చయింది, డాలు ఉన్నవాడే చేశాడు.

ప్రస్తుత నిబంధన, కార్డు మీద అతికించినది:

1. నడవని టర్న్‌లో మాటు. తర్వాతి టర్న్ దాకా వేగం సున్నా. బొమ్మకు గాజు.
2. కనిపించే, మామూలు దూరంలోని, ఆనుకున్న మూడు గళ్లు. పట్టీ పెట్టాలి, అందరికీ కనిపించాలి.
3. ఒక గడికి ఒక పక్షం నుంచి ఒకే మాటు.
4. అడుగుపెట్టిన శత్రువుపై రియాక్షన్‌తో ఒక బాణం. నష్టం ఆయుధం పాచిక మాత్రమే.
5. తగిలితే మిగిలిన నడకలో 10 అడుగులు కోత, టర్న్‌కు ఒకసారి.
6. విలుకాడు పడిపోయినా, చూపు తెగినా, ఎవరైనా అతణ్ణి తోసి కదిలించినా మాటు పోతుంది.

మొత్తం: 6 అంశాలు, అదనపు నష్టం 3.38, రౌండు ఏడు నిమిషాలు, ఖర్చు 370 రూపాయలు.

తేలనివి రెండున్నాయి. గుర్రం మీది విలుకాడు నడవకపోయినా గుర్రం నడిస్తే మాటు ఉంటుందా అన్నది ఒకటి. ప్రస్తుతానికి ఉండదని ఆడుతున్నాం, మేనల్లుడు ఒప్పుకోలేదు. రెండోది విసిరే ఈటె. దాని మామూలు దూరం 30 అడుగులే, పైగా మూల నిబంధన దాన్ని చేతి ఆయుధంగా లెక్కిస్తుంది. మాస్టారు తన ఫైటర్ సామానులో ఐదు ఈటెలు రాసుకుని వచ్చారు, వచ్చే ఆదివారం వాటితో పరీక్ష.